ఎండలో మొరాయించే మోటారు సైకిలు



"బండి సంగతి మనకెందుకమ్మా, మగవాళ్లు చూసుకోరూ?" అంటారేమో. నేనూ మొన్న వైశాఖం దాకా అలాగే అనుకున్నాను.

మాది పాత బండి. జ్వరంతో కాలిపోతున్న పిల్లదాన్ని ఒళ్లో పెట్టుకుని తిరుమలాయపాలెం నుంచి ఖమ్మం ఆసుపత్రికి బయలుదేరాం. మిట్టమధ్యాహ్నం. పిల్లకు నీళ్లు తాగిద్దామని దారిలో ఆగాం. అంతే, బండి మళ్లీ కదిలితే ఒట్టు! మావారు చోకు లాగి కిక్కు మీద కిక్కు కొట్టారు. చెమటలు పట్టాయే గాని ఇంజను పలకలేదు.

పొరపాటంతా ఆ చోకులోనే ఉంది. చోకు చల్లబడిన ఇంజనుకే. కాగిన ఇంజను ఆగగానే, ఆ వేడికి కార్బురేటరులో పెట్రోలు ఆవిరై ఎక్కువవుతుంది. పైన చోకు కూడా లాగితే ప్లగ్గు తడిసి రవ్వ పడదు.

ముందు బండిని నీడకు నెట్టి కాసేపు ఆగండి. పెట్రోలు ట్యాపు కట్టి, చోకు లాగకుండా, యాక్సిలరేటరు పూర్తిగా తిప్పి నాలుగైదు కిక్కులు కొట్టండి. ఆ తర్వాత ట్యాపు తెరవండి. అప్పటికీ పలకకపోతే, చల్లారాక ప్లగ్గు విప్పి చూడండి. తడిగా ఉంటే తుడిచి ఆరబెట్టండి. పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదన్నమాట. ట్యాంకు మూతకుండే గాలి రంధ్రం దుమ్ముతో పూడిందేమో, మూత ఒకసారి తెరిచి మూయండి. దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు సుమా! కాగిన ఇంజను మీద చన్నీళ్లు పోయకండి.

2020 తర్వాత వచ్చిన బళ్లలో చాలావాటికి కార్బురేటరే లేదు. వాటికి ముందుగా బ్యాటరీ చూసుకోవాలి.

ఆ రోజు దారిన పోయే ట్రాక్టరు డ్రైవరు ఇదంతా చెప్పి బండి కదిలించాడు. పిల్ల ఇప్పుడు కులాసా. ఆ అరగంట మాత్రం మరచిపోలేను. మనకూ తెలిసి ఉంటే తప్పేముంది చెప్పండి? సెలవు.