మంటకు మెదడు వేసే కళ్లెం



ఇన్‌ఫెక్షన్‌తో మంచానపడ్డ మనిషి రక్తంలో కార్టిసాల్ ఎందుకు పెరుగుతుంది? ఒంటికి కష్టమొచ్చింది కనుక, అని చాలాకాలం సరిపెట్టుకున్నాం. 1936లో హాన్స్ సెల్యీ ఒక చిన్న లేఖతో ఒత్తిడి సిద్ధాంతానికి పునాది వేసిన దగ్గర్నుంచీ చలినీ గాయాన్నీ విషాన్నీ ఒకే గాటన కట్టడం అలవాటైంది. ఇన్‌ఫ్లమేషన్ విషయంలో ఆ జవాబు చాలదని నా వాదం. రోగనిరోధక కణాలు తమ పని ఎంత ముమ్మరంగా సాగుతోందో మెదడుకు కబురు పెడతాయి. మెదడు దాన్ని చదువుకుని, హార్మోన్లతో ఆ కణాలకే కళ్లెం వేస్తుంది.

1975లో హ్యూగో బెసెడోవ్‌స్కీ బృందం జంతువులకు రోగం తెప్పించని యాంటిజెన్ ఎక్కించి చూసింది. జబ్బు లేకపోయినా, రోగనిరోధక స్పందన ఊపందుకున్న రోజుల్లో రక్తంలో కార్టికోస్టిరాయిడ్ పెరిగింది. ఆ కబురు మోసేవాటిలో ఇంటర్‌ల్యూకిన్-1 ముఖ్యమని 1986 నాటికి తేలింది. మరుసటి ఏడు ‘సైన్స్’ పత్రిక ఒకే సంచికలో మూడు వ్యాసాలు వేసింది: అది మెదడులోని హైపోథాలమస్‌లో, పిట్యూటరీని ప్రేరేపించే సీఆర్‌హెచ్ హార్మోన్ తయారుచేసే కణాలను కదిలిస్తుందని రెండు, నేరుగా పిట్యూటరీ మీదే పనిచేస్తుందని ఒకటి. మూడోదే నిజమైతే ఇందులో మెదడుకు పాత్రే లేదు. అయితే సీఆర్‌హెచ్‌ను యాంటీబాడీతో అడ్డుకున్న ఎలుకల్లో, అడ్రినల్ గ్రంథిని కదిలించే పిట్యూటరీ హార్మోన్ ఏసీటీహెచ్ స్పందన బాగా తగ్గిపోయింది. అందుకే నేను మెదడు పక్షం.

ఇక్కడ గట్టి ఆక్షేపణ ఒకటుంది. ఇంటర్‌ల్యూకిన్-1 పెద్ద ప్రోటీన్. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడను అంత తేలిగ్గా దాటలేదు. నిజమే, కానీ దాటనక్కర్లేదు. మెదడు రక్తనాళాల గోడకు అంటిపెట్టుకున్న మాక్రోఫేజ్ కణాలు దాన్ని గుర్తించి ప్రోస్టాగ్లాండిన్ ఇ2 తయారుచేస్తాయి. లోపలికి వెళ్లేది ఆ చిన్న అణువు. 2010లో పాల్ సాచెంకో ప్రయోగశాల ఎలుకల్లో ఈ కణాలను తొలగించి చూసింది. ఇంటర్‌ల్యూకిన్-1కు హార్మోన్ స్పందన దాదాపు మాయమైంది. బ్యాక్టీరియా విషపదార్థం ఎక్కిస్తే మాత్రం స్పందన తగ్గకపోగా ఇంకా పెరిగింది. ఆ విషానికి నాళాల లోపొర కణాలు కూడా ప్రోస్టాగ్లాండిన్ విడుదల చేస్తాయి. మామూలుగా వాటిని అదుపులో ఉంచేవీ ఈ మాక్రోఫేజ్‌లే. కబురు అందించేదీ, దాన్ని మితిమీరనివ్వనిదీ ఒకే కణమన్నమాట. ఏ కష్టమైనా ఒకటే అనుకునే సిద్ధాంతంలో ఇంత వివక్షకు చోటెక్కడ?

కార్టిసాల్ పెరుగుదల నిజంగా కళ్లెమేనా, ఉత్త పర్యవసానమా అని అడగవచ్చు. లూయిస్ జాతి ఎలుకల్లో సీఆర్‌హెచ్ స్పందన బలహీనం. స్ట్రెప్టోకాకస్ కణకవచాల ముక్కలు ఎక్కిస్తే వాటికి తీవ్రమైన కీళ్లవాపు వస్తుంది. ఫిషర్ జాతి తట్టుకుంటుంది. రెండు జాతుల మధ్య వేరే తేడాలూ ఉంటాయి కదా అంటే, జవాబు 1989 నాటి ప్రయోగాల్లోనే ఉంది: ఆర్‌యూ-486తో స్టిరాయిడ్ గ్రాహకాలను మూసేస్తే ఫిషర్ ఎలుకలూ తీవ్రంగా జబ్బుపడ్డాయి.

స్టిరాయిడ్ మందులు అరువు తెచ్చుకున్నది ఈ కళ్లేన్నే. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్షలో డెక్సామెథసోన్ వెంటిలేటర్ మీది కోవిడ్ రోగుల మరణాలను 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి మేలు కనిపించలేదు. బయటి నుంచి వచ్చే మోతాదుకు లోపలి కబురు చదవడం రాదు. మన ఊళ్లలో కీళ్లనొప్పులకు నెలల తరబడి స్టిరాయిడ్ వేయించుకునేవారిలో మెదడు సీఆర్‌హెచ్ పంపడం తగ్గించుకుంటుంది, అడ్రినల్ గ్రంథి కుంచించుకుపోతుంది. మందు హఠాత్తుగా మానేసిన వారానికే న్యుమోనియా వచ్చిందనుకోండి. ఇంటర్‌ల్యూకిన్-1 లాంటి సైటోకైన్లు కబురు పెడతాయి. అవసరమైనంత కార్టిసాల్ రాదు, రక్తపోటు పడిపోతుంది.