పథ్యమా? పంతమా?



ఇంటిలో నొకరు ఉప్పు మానివేసినచో వంట రెండగును. వండిన యన్నము మాని పచ్చికూరలు నమలుట మొదలిడినచో ముందు పిల్లలు నవ్వుదురు, పిమ్మట ఇల్లాలు కంటతడి పెట్టును, తుదకు వైద్యునికి కబురు పోవును. ఆయన నాడి చూచి, "ఈ పిచ్చి యెవరు నేర్పిరి?" అని యడుగును. తెలుగునాట ఇట్టి ముచ్చట క్రొత్తది కాదు. లైప్‌జిగ్ నగరవాసి లూయీ కూనే వ్రాసిన జలచికిత్సా గ్రంథమును ద్రోణంరాజు వేంకటచలపతి శర్మగారు 1894లోనే తెనిగించిరి. నాటినుండి తొట్టిస్నానములు చేయువారును, వారిని జూచి ముసిముసి నవ్వులు నవ్వువారును ఈ దేశమున నుండనే యున్నారు.

ఆహారవిషయమున లోకమునకు ఎదురీదువాడు ఇంటివారితోను వైద్యులతోను ఎట్లు మెలగవలెను? ఈ ప్రశ్నకు గాంధీజీ జీవితమును మించిన పాఠ్యగ్రంథము లేదు. వారు తమ పథ్యములు ఫలించినప్పుడే గాక, బెడిసికొట్టినప్పుడును దాచక వ్రాసియుంచిరి. వారి ఆత్మకథ లేని గ్రంథాలయ ముండదు. కాని చంపారన్, ఖేడా ప్రకరణములు చదివి, ఈ పథ్యముల ప్రకరణములను చాదస్తమని దాటవేయు పాఠకులే యెక్కువ. దాటవేయదగినవి కావవి. వానిలో ఒక బాలుని ప్రాణము, ఒక యిల్లాలి ప్రాణము త్రాసులో తూగినవి.

1902లో గాంధీజీ బొంబాయిలో న్యాయవాదవృత్తి ఆరంభించిన తరుణమున రెండవ కుమారుడు మణిలాలునకు టైఫాయిడ్ జ్వరము తగిలెను. దానితో న్యుమోనియా చేరెను. రాత్రులు సంధి. బాలునకు పదేండ్లు. పిలువబడిన పార్శీ వైద్యుడు మంచివాడు. మందులవలన పెద్ద ప్రయోజనము లేదనియు, కోడిగ్రుడ్లు, కోడిమాంసపు రసము ఇచ్చిన బలము నిలుచుననియు ఆయన చెప్పెను. గాంధీజీ శాకాహారి. ఎందరో హిందూ గృహస్థులు తన మాట విని ఇవి ఇచ్చుచున్నారనియు, కన్నబిడ్డ విషయమున ఇంత కాఠిన్యము తగదనియు వైద్యుడు మందలించెను. గాంధీజీ తల యొగ్గలేదు. కూనే పద్ధతిని మూడేసి నిమిషములు తొట్టిస్నానము చేయించుచు, నీరు కలిపిన నారింజరసముపై ఉంచెదమని చెప్పిరి.

ఆ వెంటనే వారు చేసిన పని గమనింపదగినది. తమకు నాడి చూచుట రాదు, గుండె, ఊపిరితిత్తులు పరీక్షించుట రాదు గనుక, మీరు వచ్చి చూచుచునే యుండి ఉన్న స్థితి ఉన్నట్లు చెప్పవలసినదని వైద్యునే వేడుకొనిరి. ఆయన ఒప్పుకొనెను. వైద్యుడు చెప్పిన యొక వస్తువును కాదనుట వేరు, వైద్యుని గుమ్మము తొక్కనీయకుండుట వేరు. పథ్యవాదులు పలువురు మొదటిదానితో మొదలిడి రెండవదానికి జారిపోవుదురు.

జ్వరము నూటనాలుగు డిగ్రీల వద్ద నిలిచెను. ఒక రాత్రి గాంధీజీ తడిదుప్పటి పిండి బిడ్డకు చుట్టి, పైన కంబళి కప్పి, తల్లిని కాపుంచి, మనసు నిలువక చౌపాటీ వీధుల వెంట తిరిగివచ్చిరి. వచ్చుసరికి బాలునకు చెమట పోయుచుండెను. జ్వరము దిగెను. పిదప నలువది దినములు నీళ్ళు కలిపిన పాలు, పండ్లరసము. బాలుడు బ్రతికెను. ఇది దైవానుగ్రహమో, జలచికిత్సయో, పథ్యోపచారములో ఎవరు చెప్పగలరని తరువాత వారే వ్రాసిరి.

ఇచట రెండు మాటలు చెప్పక తప్పదు. కోడిరసము వలదని మణిలాలు తానే చెప్పెనని ఆత్మకథ పలుకుచున్నది. జ్వరముతో పలవరించుచున్న పదేండ్ల పిల్లవాడు తండ్రి మొగము చూచి చెప్పిన మాటను సమ్మతి యనవచ్చునా? తండ్రి ఆ ప్రశ్న వేయుట మంచిదే. దానికి వచ్చిన జవాబుపై ఎక్కువ బరువు మోపరాదు. ఇక రెండవది. 1902లో టైఫాయిడ్‌కు నిజముగనే మందు లేదు. పార్శీ వైద్యుడు దాచక ఆ మాట చెప్పెను. 1948లో క్లోరాంఫెనికాల్ వచ్చినపిమ్మట ఆ రోగము కథయే మారిపోయినది. మందు లేనినాటి తండ్రి తడిదుప్పటిని నమ్మెను. మందున్ననాడు మణిలాలు పేరు చెప్పి తడిదుప్పటి చుట్టువారు గాంధీజీ బాటను నడచినట్లు కాదు.

ఇక కస్తూరిబా కథ. 1909 ఆరంభమున దక్షిణాఫ్రికాలో ఆమెకు రక్తస్రావ మెక్కువయి శస్త్రచికిత్స జరిగెను. శరీరము మిక్కిలి శుష్కించియుండుటచే మత్తుమందు ఈయకనే చేసిరి. ఆమె ఓర్చుకొనెను. డర్బనులోని వైద్యుడు మిత్రుడు. ఆయన యింటనే, ఆయన భార్య పరిచర్యలో ఆమె నుంచి గాంధీజీ జోహాన్నెస్‌బర్గు వెడలిరి. కొద్దిదినములకు వైద్యుడు టెలిఫోనులో పిలిచి, రోగి క్షీణించుచున్నదనియు, గోమాంసపు రసమిచ్చుటకు అనుమతి కావలెననియు అడిగెను. గాంధీజీ తాము అనుమతి ఈయజాలమనిరి. అయినను ఆమెకు మాటాడు శక్తి యున్నచో ఆమెనే అడుగవలసినదనియు, ఆమె కోరినచో తమ యడ్డు లేదనియు చెప్పిరి. రోగిని ఇట్టి విషయములు అడుగనని వైద్యుడు మొండికెత్తెను. ఆనాడే రైలెక్కి డర్బను చేరగా, టెలిఫోను చేయుటకు ముందే ఆ రసము పట్టితిననియు, ప్రాణము నిలుపుటకు రోగిని గాని బంధువులను గాని మోసగించుట వైద్యునకు దోషము కాదనియు ఆయన నిబ్బరముగా చెప్పెను.

వైద్యుడు దుర్మార్గుడు కాడు. ఆమె బ్రతుకవలెనను ఆత్రము ఆయనకు భర్తతో సమానముగ నుండెను. అయినను తప్పు ఆయనదే. పడకపైనున్న మనిషి నోటిలో ఏమి పోయవలెనో నిర్ణయించు హక్కు తనదని ఆయన తలంచెను, అడుగుట సయితము అనవసర మనుకొనెను. గాంధీజీ కుమారుని అడిగిరి, పిమ్మట భార్యను అడిగిరి. భర్త చేతులలో ప్రాణము విడిచెదనే గాని ఆ రసము ముట్టనని కస్తూరిబా స్పష్టముగ చెప్పెను. ఆ ధర్మమును పాటింప ఆమెకు విధి లేదనియు, మాంసము పుచ్చుకొన్న హిందువులు కలరనియు భర్తయే నచ్చజెప్పి చూచిరి. ఆమె చలింపలేదు. చినుకులు పడుచుండగా ఆమెను రిక్షాలో స్టేషనుకు, అచటినుండి రైలులో ఫీనిక్సుకు తీసికొనిపోయిరి. స్టేషనునుండి ఆశ్రమమునకు రెండున్నర మైళ్ళు. ఆరుగురు మనుష్యులు ఉయ్యాలడోలీలో ఆమెను మోసిరి. ఒక సీసాలో వేడిపాలు, మరియొక సీసాలో కాపడమునకు వేడినీళ్ళు. దారిలో ఆమెయే భర్తకు ధైర్యము చెప్పెను.

మాంసము మంచిదా, చెడ్డదా యనునది అటుంచుడు. నిర్ణయము ఎవరి నోట వెలువడవలెనో ఆ నోటనే వెలువడెను.

కొన్నాళ్ళకు రక్తస్రావము మరల తలయెత్తెను. గాంధీజీ ఉప్పును, పప్పుధాన్యములను మానుమని భార్యను బతిమాలిరి. ఎవరైన చెప్పిన మీరు మాత్రము మానగలరా యని ఆమె విసిరెను. ఏ యిల్లాలైనను ఆ మాటయే అనును. గాంధీజీ తత్‌క్షణమే ఒక యేడు ఈ రెండును మానితిమని ప్రతిజ్ఞ పట్టిరి. ఆమె గుండె గుభిల్లుమనెను. తాను మానెదననియు, వ్రతము విడువవలసినదనియు ప్రాధేయపడెను. విడువలేదు. ఆమెయు మానెను, జబ్బును నిమ్మళించెను. దీనిని గాంధీజీ గృహమున సత్యాగ్రహ మనిరి. ఇతరులకు చెప్పుటకు ముందు తాము మానుట గొప్పయే. అయినను ఇందులో బలవంతపు పాలు లేదనుట కష్టము. భర్త చప్పిడి కూడు తినుచుండగా ఉప్పుకల్లు నోటవేసికొనగల భార్య ఆ కాలమున ఎచట నుండెను? పప్పు మానుటచేతనే రక్తము నిలిచినదని నేటి వైద్యశాస్త్ర మొప్పుకొనదు. ఆ సంఘటనతో తమకు నాటువైద్యుడను పేరు పెరిగినదని గాంధీజీ తామే హాస్యమాడిరి.

కాలము త్రాసును త్రిప్పివైచెను. 1912లో గాంధీజీ పాలు మానిరి. 1914లో లండనులో పార్శ్వశూల వచ్చినప్పుడు వైద్యులు చెప్పినను, గురుతుల్యుడైన గోఖలే బలవంతపెట్టినను పాలు ముట్టలేదు. 1918లో ఖేడాలో సైన్యమునకు మనుష్యులను చేర్చుచు ఊరూర తిరిగి, గ్రహణివ్యాధితో మృత్యుముఖమునకు పోయిరి. బొంబాయిలో డాక్టరు దలాల్ ఒకే మాట చెప్పెను: పాలు త్రాగనిదే ఈ శరీరము మరల నిలువదు. వ్రతమున్నదని గాంధీజీ. ఆవులను, గేదెలను దూడకు పాలు మిగులకుండ పిండు క్రూరవిధానము విని ఆ వ్రతము పట్టితిమని వారి మాట. మంచము ప్రక్కన నిలిచిన కస్తూరిబా అప్పుడు కలుగజేసికొని, అట్లయిన మేకపాలకు అడ్డేమి యని యడిగెను. వైద్యుడు అదియే చాలుననెను. ఉప్పు, పప్పు మానుటకు ఒకప్పుడు తలవంచిన యిల్లాలే ఇపుడు భర్త వ్రతములో సందు వెదకి ఆయన ప్రాణము నిలిపెను. గాంధీజీ మేకపాలు త్రాగిరి. వ్రతము అక్షరము మిగిలినదనియు, ప్రాణము పోయినదనియు వారు కడదాక బాధపడుచునే యుండిరి. బాధపడనిండు. ఆ తరువాతి ముప్పదేండ్ల దేశచరిత్రను తలచుకొన్నచో ఆమె తర్కమునకు నమస్కరింపవలసినదే.

1909లో "హింద్ స్వరాజ్"లో ఆసుపత్రులను కఠినముగా నిందించిన చేతితోనే, 1924 జనవరి 12న పూనాలోని సాసూన్ ఆసుపత్రిలో అపెండిసైటిస్ శస్త్రచికిత్సకు వారు సమ్మతిపత్రము వ్రాసి యిచ్చిరి. కర్నల్ మాడక్ కోయుచుండగా విద్యుద్దీపము ఆరిపోయెను. లాంతరు వెలుగున ముగించిరి.

ఐదేండ్లకు, 1929 మే నెలలో, ఆంధ్రదేశ పర్యటనలో రాజమహేంద్రవరమునకు చెందిన సుందరం గోపాలరావుగారు వారికి తటస్థపడిరి. గోపాలరావుగారు నిప్పు సోకని యాహారముతో జీవించుచుండిరి. గాంధీజీకి పాత ఆశ మరల చిగిర్చెను. మొలకెత్తిన గోధుమలు, నూరిన బాదములు, దంచిన పచ్చియాకులు, నిమ్మరసము, తేనె. తమకు పిచ్చివాడన్న పేరుండనే యున్నదని నవ్వుకొనుచు "యంగ్ ఇండియా"లో ఏమి తినుచున్నదియు తూకములతో ప్రకటించి, తెలిసిన వైద్యులు దారి చూపవలసినదని కోరిరి. ఆశ్రమవాసులు కొందరు వెంట నడచిరి. ఆగస్టులో గాంధీజీకి మరల గ్రహణి వచ్చెను. వెంటనే ప్రయోగము నాపి, మేకపాలకు తిరిగివచ్చి, ఆపితిమని అదే పత్రికలో వ్రాసిరి. ప్రయోగమునకు పేరు పెట్టినంత పెద్ద అక్షరములతో దాని వైఫల్యమునకును పేరు పెట్టువారు అరుదు. 1942లో వ్రాసిన ఆరోగ్యగ్రంథమున శాకాహారికి పాలు తప్పవని వారు నిర్ధారించిరి. మొక్కలనుండి దాదాపు లభింపక, పాలలో దొరకు బి-12 విటమిను 1948లో, వారు గతించిన యేట, విడదీయబడెను.

అట్లని లోకవిరుద్ధములన్నియు వీగిపోలేదు. 1934లో గ్రామపరిశ్రమల సంఘము స్థాపించి గాంధీజీ దంపుడుబియ్యము తినుమన్నప్పుడు, తెల్లని మరబియ్యము మరిగిన యిండ్లలో అది కూలివారి కూడని మొగము చిట్లించినవా రుండిరి. ఉత్తరసర్కారులలో కాళ్ళు తిమ్మిరెక్కి, గుండె వాచి జనులను చంపిన బెరిబెరి రోగమును గూర్చి మాల్కంసన్ అను వైద్యుడు 1835లోనే మదరాసున గ్రంథము ప్రకటించెను. దాని మర్మము జావాలో ఐక్‌మన్ కోళ్ళకు తెల్లబియ్యము పెట్టిన నాటినుండి మెల్లగా తేలినది. తవుడుతో పోయిన విటమినే ఆ మర్మము. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమానము వచ్చెను. ఉప్పుడుబియ్యము తిను దక్షిణమున లేని బెరిబెరి, పచ్చిబియ్యము తిను సర్కారులలో ఎందుకుండెనో అప్పుడు బోధపడెను. ఇచట నవ్వినవారిదే పొరపాటు.

1944లో పూనాలోని ఆగాఖాన్ భవనమున బందీగానున్న కస్తూరిబాకు గుండెజబ్బు ముదిరెను. ఆమె ఆయుర్వేదము కోరెను. వైద్యశాస్త్రము చదివిన తోడిఖైదీలు సుశీలా నయ్యరు, డాక్టరు గిల్డరు ప్రక్కనే యుండిరి. అయినను గాంధీజీ ఆమె కోరిన వైద్యుని రానిమ్మని ప్రభుత్వముతో పోరాడిరి. లాహోరునుండి వచ్చిన పండిత శివశర్మ రాత్రులు లోపల నుండరాదన్న యాజ్ఞచే గేటు బయట మోటారుకారులో పరుండెను. ఆయన వైద్యమును ఫలింపలేదు. కడపటి దినమున దేవదాసు విమానముపై పెన్సిలిన్ తెప్పించెను. కొన్ని గంటల కొకమారు సూది పొడువవలెనని వినగానే, తల్లి నిక నెమ్మదిగా పోనిమ్మని గాంధీజీ కుమారుని బతిమాలిరి. దేవదాసు అయిష్టముగనే ఊరకుండెను. ఆ తండ్రి చేసినది తగునా తగదా యని నేటికిని వాదించువారు కలరు. ఈమారు ఆమె మాటాడు స్థితిలో లేదు గనుక ఆ వాదము తెగదు. ఫిబ్రవరి 22 సాయంకాలమున ఆమె భర్త యొడిలో కన్నుమూసెను.

రెండు నెలలు తిరుగకముందే అదే భవనమున గాంధీజీకి మలేరియా వచ్చెను. ఉపవాసము, పండ్లరసముతో చూచెదమని మొదట క్వినైన్ వలదనిరి. జ్వరము దిగలేదు. వైద్యులు మరల చెప్పిరి. వారు క్వినైన్ పుచ్చుకొనిరి.