కొండవీటికి ఒకనాటి ప్రయాణము

శిథిలదుర్గములను చూడబోవువారు సాధారణముగా రెండు కోరికలతో పోవుదురు. రాజులు నడచిన నేలపై తామును ఒకపూట నడువవలెనని మొదటిది. ఎక్కడనైన లంకెబిందెలు కానవచ్చునేమోయని రెండవది. దీనిని పైకి చెప్పరు గాని, చాలమంది మనస్సులలో లేకపోలేదు. తొలిసారి కొండవీటికి పోయిననాడు నా మనస్సులోను ఉండెను.

గుంటూరునకును చిలకలూరిపేటకును నడుమ, యడ్లపాడునకు చేరువగా కొండవీడు కలదు. రెడ్డిరాజులు తమ రాజధానిని అద్దంకినుండి ఇచ్చటికి మార్చిరి. శ్రీనాథ మహాకవి పెదకోమటి వేమారెడ్డి కొలువున విద్యాధికారిగా ఉండినది ఇచ్చటనే. 1515 లో శ్రీకృష్ణదేవరాయలు ఈ దుర్గమును గజపతులనుండి గైకొనెను. ఇప్పుడు కొండమీదికి బండ్లు పోవు ఘాటురోడ్డు కలదు. అయినను దుర్గము నెఱుగగోరువాడు కాలినడకనే ఎక్కవలెను. గొంతు ఎండినప్పుడు గాని కోట కట్టినవారి తెలివి మనకు బోధపడదు.

ఆనాడు నేను ఎండ ముదిరిన తరువాత ఎక్కితిని. తెచ్చుకొన్న నీళ్లు సగము దారిలోనే ఐపోయినవి. బురుజులు చూచితిని, ద్వారములు చూచితిని; మనస్సునకు ఏదియు పట్టలేదు. తుదకు చెరువు కానవచ్చినప్పుడు ప్రాణము లేచివచ్చినది. ఆ కొండపై ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అని మూడు కలవు. వాలులపై పడిన వాననీటిని జాఱిపోనీయక పట్టి నిలిపిరి. గోడ శత్రువును ఆపును గాని లోపలివాని దప్పి తీర్చదు. నీరు తఱిగినచో ఎంతటి కోటయైనను తన తలుపులు తానే తెఱచును. ఆ దుర్గమునకు అసలైన నిధి ఆ చెరువులే.

శ్రోతలారా! ఆనాడే ఇంకొక పని చేసితిని, చెప్పుటకు సిగ్గగుచున్నది. ఒక మంటపస్తంభముపై మేకుతో నా పేరు చెక్కితిని. ఇరువదియేండ్ల తరువాత నా కుమారుని వెంటబెట్టుకొని మరల పోతిని. స్తంభము అట్లే ఉన్నది. నా పేరును అట్లే ఉన్నది. వాడు దానిని కూడబలుకుకొని చదివి, “నాన్నగారూ, ఇదేమిటి, మీ పేరుగల రాజు కూడ ఉండెనా?” అని అడిగెను. నేను మాటాడలేకపోతిని. ఆ స్తంభమును నిలిపిన శిల్పి పేరు దానిపై లేదు. చెరువుకట్టకు మన్ను మోసిన కూలివాని పేరు ఎచ్చటను లేదు. ఒక రాయియైన మోయని నా పేరు మాత్రము నిలిచినది.

నిధులకై నేల త్రవ్వువారు చేయు కీడు ఇంతకంటె పెద్దది. పునాది కదలిన గోడ తరువాతి వానకే ఒరుగును. రాయి తాను ఉన్నచోట ఉన్నంతవఱకే చరిత్రకు సాక్షి. తొలగించినచో అది వట్టి రాయి.

కావున మీరును ఒకనాడు పోయి రండు. ఒంటిగా పోవలదు. తెల్లవాఱకమునుపే బయలుదేఱుడు. నీళ్లు, ఫలాహారము, ఊతకఱ్ఱ తీసికొనిపొండు. ప్రొద్దు క్రుంకకమునుపే దిగుడు. పైకి చేరినతోడనే మొదట చెరువు చూడుడు, తరువాత బురుజులు. మేకును మాత్రము ఇంటనే ఉంచి పొండు.