మారే వలస చట్టాలు – మారని మన అమానతు



సకల స్తోత్రాలూ విశ్వప్రభువైన అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబంపై, సహచరులపై శాంతి, శుభాలు కురియుగాక! ముందుగా మనకు మనం దైవభీతిని గుర్తు చేసుకుందాం. దైవభీతి మస్జిద్ గడప వద్ద ఆగిపోయేది కాదు. మన బేరసారాల్లోకీ, మనం రాసే ఒప్పంద పత్రాల్లోకీ, మనం పుచ్చుకునే ప్రతి రూపాయిలోకీ అది ప్రవేశించాలి.

నేడు మన ముందున్న అంశం ప్రవాసి బ్రతుకు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి, హైదరాబాద్ పాతబస్తీ నుంచి, కడప, రాయచోటి, గోదావరి జిల్లాల నుంచి ఎందరో గల్ఫ్ దేశాలకు వెళ్ళారు, వెళుతున్నారు. అక్కడి ప్రభుత్వం ఒక నియమం మార్చితే ఇక్కడ ఒక ఇంటి పొయ్యి మీద ఆ ప్రభావం పడుతుంది.

సోదరులారా! వలస మనకు కొత్త విషయం కాదు. మక్కాలో హింస భరించలేని సహాబాలు ప్రవక్త (స) అనుమతితో హబషాకు వెళ్ళారు. వారిని తిరిగి అప్పగించమని ఖురైషీలు కానుకలతో దూతలను పంపారు. అక్కడి రాజు నజాషీ ఒక్క పక్షం మాట విని తీర్పు చెప్పలేదు. హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) చెప్పిన మాటలు కూడా విన్నాడు, అప్పగించడానికి నిరాకరించాడు. పాలకుని ఒక్క నిర్ణయం పరదేశికి ప్రాణంతో సమానమని ఈ సంఘటన నేర్పుతుంది.

ఇప్పుడు మన కాలపు సంగతి చూద్దాం. సౌదీ అరేబియా 2011లో నితాఖాత్ విధానాన్ని ప్రవేశపెట్టింది. స్వదేశీయులకు ఎన్ని ఉద్యోగాలు ఇచ్చారన్న లెక్కతో కంపెనీలకు రంగులు కేటాయించింది. ఎరుపు రంగులో పడిన కంపెనీలో పనిచేసే విదేశీయుని ఇఖామా పునరుద్ధరణకు నోచుకోదు. కంపెనీ లెక్క తప్పితే కార్మికుని బ్రతుకు తెరువు తప్పింది.

2017 జూలై నుంచి కుటుంబ సభ్యులపై రుసుము మొదలైంది. తొలి ఏడాది ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్లు. ఏటా మరో 100 పెరుగుతూ 2020 నాటికి 400కు చేరింది. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్న ఉద్యోగిని తలచుకోండి. నెలకు 400తో మొదలైన భారం 1,600 రియాళ్లయింది. అతని జీతం 4,000 రియాళ్లయితే అందులో అయిదింట రెండు వంతులు దానికే సరి. అందుకే ఎందరో తండ్రులు భార్యాపిల్లలను స్వదేశానికి పంపి, తాము ఒంటరిగా మిగిలారు.

తన ప్రజలకు ఉపాధి చూపడం ప్రతి ప్రభుత్వానికీ బాధ్యతే. దాన్ని మనం తప్పుపట్టము. వెళ్ళిన దేశపు చట్టాన్ని పాటించడం ఒప్పందం నెరవేర్చడమే. ఒప్పందాలను నెరవేర్చాలన్నదే మాయిదా సూరా తొలి ఆయత్ ఆదేశం. కాని చట్టం మారిన రోజున అందరికన్నా ముందు కూలిపోయేది ఎవరు? వారిని ఆ స్థితికి తెచ్చింది ఎవరు?

ఇక్కడే మన సమాజం వైపు చూడవలసి ఉంది. మన ఊళ్ళలో ‘ఆజాద్ వీసా’ పేరుతో ఒక వ్యాపారం సాగుతోంది. ‘ఎక్కడైనా పని చేసుకోవచ్చు’ అని నమ్మించి లక్షలు పుచ్చుకుంటారు. నిజానికి ఆ వీసా ఒక కఫీల్ పేరు మీదే ఉంటుంది. అతని వద్ద కాక వేరొకరి వద్ద పనిచేయడం అక్కడి చట్టం దృష్టిలో నేరం. 2013లో తనిఖీలు ముమ్మరమైనప్పుడు ఇలాంటివారే అందరికన్నా ఎక్కువగా భయంతో వణికారు. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి నవంబర్ 3 వరకు ప్రకటించిన క్షమాభిక్ష గడువులో వేలాది భారతీయులు స్వదేశానికి తిరిగి వచ్చారు. అప్పు మాత్రం వారితోనే వచ్చింది. చట్టం మార్చింది పరాయి దేశమే అయినా, ఆ గొయ్యి అంచున వారిని నిలబెట్టింది మన ఊరి మనిషి. మోసగించేవాడు తన సముదాయానికి చెందడని ప్రవక్త (స) హెచ్చరించారు. ఆ సొమ్ముతో ఉమ్రా చేసినా అది ధర్మసమ్మతమైన సంపాదన కాజాలదు.

మార్పులన్నీ కష్టాన్నే తెచ్చాయని అనడం న్యాయం కాదు. 2021 మార్చి 14 నుంచి సౌదీలో ప్రైవేటు సంస్థల కార్మికులు ఏడాది పని తర్వాత నిబంధనలకు లోబడి, యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారే వీలు కలిగింది. కాని ఇళ్ళలో పనిచేసే ఖద్దామాలు, డ్రైవర్లు, గొర్రెల కాపరులు ఆ సంస్కరణ పరిధిలోకి రాలేదు. అందరికన్నా బలహీనులకే చట్టం నీడ చివరన చేరుతుంది. వారిలో ముస్లింలు ఉన్నారు, హిందువులు ఉన్నారు, క్రైస్తవులు ఉన్నారు. పీడితుని మొరకూ అల్లాహ్‌కూ మధ్య అడ్డు ఉండదని ప్రవక్త (స) హజ్రత్ ముఆజ్ (రజి)ను యమన్‌కు పంపుతూ బోధించారు. ఆ మొరకు మతభేదం లేదు.

కనుక సోదరులారా, మన బాధ్యతలు స్పష్టం.

మొదటిది, వెళ్ళేవారిని కళ్ళు తెరిపించి పంపాలి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న ఏజెంటు ద్వారానే వెళ్ళాలి. పాస్‌పోర్టుపై ఈసీఆర్ ముద్ర ఉన్నవారు ప్రవాసీ భారతీయ బీమా తీసుకోవాలి. ప్రమాదవశాత్తూ మరణం లేదా శాశ్వత వైకల్యం సంభవిస్తే 10 లక్షల రూపాయల రక్షణ అందులో ఉంది. ఒప్పందంలో యజమాని పేరు, పని, జీతం చదువుకోకుండా ఎవరూ సంతకం చేయరాదు. చదవలేనివారికి చదివి వినిపించే పని మస్జిద్‌లోని విద్యావంతులది.

రెండవది, తిరిగి వచ్చినవారిని ఓడిపోయినవారిగా చూడరాదు. మదీనా అన్సారీ హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ముహాజిర్ అయిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) దీవించి, బజారు దారి చూపమన్నారు. ఒకరిది ఔదార్యం, మరొకరిది ఆత్మాభిమానం. తిరిగి వచ్చిన సోదరునికి మనం చూపవలసింది జాలి కాదు, బజారు దారి. పని చూపాలి, వడ్డీ లేని అప్పు ఇవ్వాలి. తౌబా సూరాలో జకాత్ హక్కుదారులుగా పేర్కొన్న ఎనిమిది వర్గాల్లో ఋణగ్రస్తులు ఉన్నారు, బాటసారులు ఉన్నారు. మన జకాత్ లెక్కల్లో వారికి చోటు ఉందా?

మూడవది, మన గడపలోని పరదేశిని గుర్తించాలి. ఒడిశా నుంచి మన ఇటుక బట్టీలకు, బీహార్ నుంచి మన భవన నిర్మాణాలకు వచ్చినవారు మన వద్ద ప్రవాసులే. కఫీల్ పాస్‌పోర్టు దాచుకుంటే అన్యాయమంటున్నాం. మరి మన మేస్త్రీ కూలివాని ఆధార్ కార్డు దాచుకుంటే ఏమనాలి? పని పూర్తిగా చేయించుకుని కూలి ఎగ్గొట్టినవానికి ప్రళయదినాన అల్లాహ్‌యే స్వయంగా ప్రతివాదిగా నిలుస్తాడని హదీసు తెలుపుతోంది. ఆ న్యాయస్థానంలో ఏ గడువూ, ఏ క్షమాభిక్ష ప్రకటనా ఉండదు. హక్కుదారునికి హక్కు చెల్లించి తీరాలి.

ఓ అల్లాహ్! పరదేశంలో ఉన్న మా వారి ప్రాణాలను, మానాన్ని, కష్టార్జితాన్ని కాపాడు. చట్టాలు చేసేవారి హృదయాల్లో న్యాయాన్ని నింపు. మా ఊళ్ళలో మోసాన్ని తుడిచివేసి, మా వద్దకు వచ్చిన పరదేశి హక్కును చెల్లించే భాగ్యాన్ని మాకు ప్రసాదించు. ఆమీన్.