డ్రైన్ బోల్ట్ వాసర్ మార్చకపోతే ఏమవుతుంది? | ఇంట్లోనే ఆయిల్ చేంజ్

ఇది గాజువాకలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్. మధ్యలో పైనుంచి కుక్కర్ విజిల్స్ వినిపిస్తే కొంచెం అడ్జస్ట్ అయిపోండి. పోయిన ఎపిసోడ్‌లో ఏ ఆయిల్ పొయ్యాలో మాట్లాడుకున్నాం. ఈరోజు ఆ పోసిన ఆయిల్ కింద కారిపోకుండా ఆపే వాసర్ గురించి.

ఇదిగో, నా వేలికి పెట్టుకున్నాను చూడండి. ఉంగరం లాగుంది కదా! ఆయిల్ చాంబర్ అడుగున ఉండే డ్రైన్ బోల్ట్‌కి దీన్ని తొడుగుతారు. బోల్ట్ మరలే ఆయిల్‌ని ఆపుతాయని చాలామంది అనుకుంటారు. కాదు. మరలు బోల్ట్‌ని పట్టుకుని ఉంచుతాయి, అంతే. ఆ మరల సందుల్లోంచి ఆయిల్ దారి చూసుకుని వచ్చేస్తుంది. దాన్ని ఆపేది బోల్ట్ తలకీ చాంబర్‌కీ మధ్య నలిగి కూర్చునే ఈ మెత్తటి లోహం. పైకి నున్నగా కనిపించినా ఆ రెండు ముఖాల మీదా సన్నటి గీతలుంటాయి. బిగించేకొద్దీ వాసర్ నలిగి ఆ గీతల్లోకి దిగిపోతుంది. విప్పి మళ్లీ అదే పెడితే, పాత అచ్చు పాత చోటే పడుతుందా? పడదు కదా.

అప్పుడు చుక్కా చుక్కా కారడం మొదలవుతుంది. కారగానే పక్కన నిలబడ్డవాడు ఏమంటాడు? "ఇంకొంచెం టైట్ చెయ్ గురూ!" అంటాడు. అసలు డేంజర్ ఇక్కడే ఉంది. బోల్ట్ ఉక్కు. చాంబర్ చాలా కార్లలో అల్యూమినియం. బలవంతంగా తిప్పితే తెగేది చాంబర్ మరలే. కొన్ని పదుల రూపాయల వాసర్‌కి చూసుకుంటే, వేల రూపాయల చాంబర్ మీదకొస్తుంది. అదీ ఇంట్లో తెలిస్తే అదృష్టం. నేషనల్ హైవే మీద ఆయిల్ ప్రెషర్ ఎర్ర లైటు వెలిగాక తెలిస్తే, బండి పక్కకి తీసి వెంటనే ఇంజిన్ ఆపెయ్యాలి. ఇంకో కిలోమీటరే కదా అని లాగారో, బేరింగులు పట్టేస్తాయి.

వాసర్‌లో రకాలున్నాయి. రాగి, అల్యూమినియం, లోపల రబ్బరు అంచు ఉన్నవి. మీ కారుకి కంపెనీ ఏది పెట్టిందో అదే, అదే సైజు కొనండి. ఇక్కడొక తమాషా. కూర్మన్నపాలెం వైపు ఏ వీధిలో చూసినా స్టీల్ ప్లాంట్‌లో పనిచేసినవాళ్లు ఒకరైనా ఉంటారు. ఉలి లాంటి పనిముట్ల ఉక్కుని ఎర్రగా కాల్చి ముంచితే గట్టిపడుతుందని వాళ్లు చెప్తారు. రాగి దానికి పూర్తిగా రివర్స్! నలిగి గట్టిపడిన రాగిని ఎర్రగా కాల్చి చల్లారిస్తే మళ్లీ మెత్తబడుతుంది. పాత మెకానిక్‌లు రాగి వాసర్‌ని కాల్చి వాడేది అందుకే. పనిచేస్తుంది, కానీ ఆటోనగర్ ఇంత దగ్గర పెట్టుకుని స్టవ్ మీద వాసర్ కాల్చడం ఎందుకండీ? అల్యూమినియంతో మాత్రం అస్సలు ట్రై చెయ్యకండి. అది ఎర్రబడకుండానే 660 డిగ్రీలకి కరిగిపోతుంది.

ఇక పని. ఒక్క జాకీని నమ్ముకుని కారు కింద దూరకండి. ఇందులో నేను ఎవరి మాటా వినను. గట్టి నేల, వెనక చక్రాలకి అడ్డు, హ్యాండ్ బ్రేక్, రెండు స్టాండ్లు. ఇవి లేకపోతే షెడ్డుకి వెళ్లిపోండి. ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు బోల్ట్ విప్పండి, కాలే ఆయిల్ వద్దు. విప్పాక పాత వాసర్ బోల్ట్‌తో వచ్చిందా లేదా చూడండి. ఒకోసారి చాంబర్‌కే అతుక్కుని, దాని భాగమే అన్నట్టు కనిపిస్తుంది. గోరుతో గీరి చూడండి. దాని మీద కొత్తది పెడితే రెండు వాసర్లయి, కారుతుంది. ముఖం గుడ్డతో తుడిచి, కొత్త వాసర్ తొడిగి, బోల్ట్‌ని ముందు చేత్తోనే తిప్పండి. చేత్తో తిరగకపోతే మర అడ్డంగా పడినట్టే, వెనక్కి తియ్యండి. తర్వాత టార్క్ రెంచ్. చాలా చిన్న కార్లకి 35 నుంచి 40 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ మాన్యువల్‌లో ఏం రాశాడో అదే ఫైనల్.

మన వైజాగ్‌లో ఇంకో సంగతి. పోర్టు వైపు తిరిగే బండి అడుగున బొగ్గు దుమ్ము, ఐరన్ ఓర్ దుమ్ము ఆయిల్‌తో కలిసి పేస్టులా పట్టేస్తుంది. పాత జిడ్డో కొత్త లీకో తెలీదు. అందుకే బిగించాక బోల్ట్ చుట్టూ శుభ్రంగా తుడిచి, ఆయిల్ పోసి, ఐదు నిమిషాలు ఇంజిన్ నడిపి టార్చ్ వేసి చూడండి. రాత్రికి కింద అట్టముక్క వెయ్యండి. పొద్దున్న అట్ట మీద మచ్చ లేకపోతే, డిప్‌స్టిక్ ఒకసారి చూసుకుని బయల్దేరండి.

పాత ఆయిల్‌ని డబ్బాలో పోసి, వాడిన ఆయిల్ తీసుకునే వర్క్‌షాప్‌లో ఇచ్చెయ్యండి. కాలవలో పొయ్యకండి బాబూ. మేఘాద్రి గెడ్డ నీళ్లు తిన్నగా హార్బర్‌లోకే పోతాయి. మనం తినే చేప అక్కడినుంచే వస్తుంది.