ఇంకేం మందులు వాడుతున్నారు?

ఫార్మసీ పట్టభద్రులారా!

మీలో చాలామంది పత్తి, మిరప పండే ఊళ్ల పిల్లలే. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకున్న సంగతి పెద్దల నోట వినే ఉంటారు. అప్పటికన్నా ఇవాళ అలాంటి కుంగుబాటుకూ, ఇతర మనసు జబ్బులకూ వైద్యం పల్లెకు కాస్త దగ్గరైంది. ఆ జబ్బులకు వాడే మందు మరో మందుతో కలిసి మనిషికి చేటు చేయకుండా చూడటం ఇక మీ పని కూడా.

లిథియం సంగతే చూడండి. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ లోకానికి చూపిన మందు. బైపోలార్ రోగులను ఇప్పటికీ నిలబెడుతోంది. రక్తంలో దాన్ని సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంచుతారు, 1.5 దాటితే విషమే. లిథియం వాడుతూ మార్చి ఎండలో మిరపకాయ కోతకు వెళ్లిన స్త్రీకి చెమటలో నీరూ ఉప్పూ పోతాయి. ఉన్న సోడియాన్ని వదలకూడదని కిడ్నీలు దాంతోపాటు లిథియాన్నీ వెనక్కి లాక్కుంటాయి. నడుం నొప్పికి ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ వాడితే లిథియం ఒంట్లో ఇంకా పేరుకుంటుంది. టెల్మిసార్టాన్ వంటి బీపీ మాత్రలతోనూ ఇదే ప్రమాదం. చేతులు వణుకుతాయి, వాంతులవుతాయి, మాట ముద్దగా వస్తుంది, నడక తూలుతుంది. ఇంట్లోవాళ్లు వడదెబ్బ అనుకుంటారు.

ఆర్‌ఎంపీకి ఆమె లిథియం మాట ఎందుకు చెప్పలేదు? ‘పిచ్చి మందులు వాడుతోందట’ అని ఊరంతా పాకితే కూతురి సంబంధం తప్పిపోతుందని. రసాయనాల కన్నా ఈ దాపరికమే నన్ను ఎక్కువ భయపెడుతుంది. నలుగురిలో అడిగితే ఆమె చెప్పదు. కౌంటర్ పక్కకు పిలిచి, ‘అమ్మా, నిద్రకో నరాలకో ఇంకేమైనా మాత్రలు వేసుకుంటున్నారా?’ అని మెల్లగా అడగండి.

ఎస్సిటలోప్రామ్ వాడేవారికి ట్రామడాల్ చీటీ వస్తే, ఇచ్చేముందు డాక్టరుకు ఫోన్ చేయండి. రెండూ కలిసి సెరటోనిన్ మితిమీరితే ఒళ్లు కాలిపోయి, అయోమయమై, ప్రాణం మీదికి రావచ్చు. ఫిట్స్ భయమూ ఉంది. ఇక పొగాకు పండే ప్రకాశంలో బీడీ సంగతి మరవకండి: క్లోజపిన్ వాడే మనిషి పొగ తాగడం ఒక్కసారిగా మానేస్తే రక్తంలో ఆ మందు పెరుగుతుంది. మానడం మంచిదే, డాక్టరుకు ముందే చెప్పి మానాలి.

ఇవన్నీ చెప్పి ఎవరినీ బెదరగొట్టకండి. భయపడి సొంతంగా మందు ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది. లిథియం వాడేవారిని నీళ్లు బాగా తాగమనండి, ఉప్పు ఉన్నట్టుండి తగ్గించవద్దనండి. నొప్పికి సాధారణంగా పారాసిటమాల్ మేలు. వణుకూ వాంతులూ కలిసి కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి పంపి, లిథియం పరీక్ష చేయించమని చీటీ మీద రాసివ్వండి.