బీరువాలో ఉన్న పుస్తకం తెరపై ఎందుకు లేదు?

(గ్రంథాలయ సిబ్బంది సాంకేతిక శిక్షణ ముగింపు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సిబ్బందికి తొమ్మిది వారాలుగా జరిగిన కంప్యూటరు శిక్షణ నేటితో ముగిసింది. దానిపై నాలుగు మాటలు చెప్పమని నన్ను కోరారు. నేను గ్రంథాలయ శాస్త్రం చదివినవాణ్ణి కాను, నగరపాలికలో అనువాదకుణ్ణి. తెలుగు టైపు నేర్పడానికి పిలిస్తే వచ్చినవాణ్ణి. కనుక తీర్పులు చెప్పను, చూసినది చెబుతాను.

శిక్షణ మొదలు కావడానికి కొద్దిరోజుల ముందు ఒక పెద్దాయన వచ్చి విశ్వనాథ సత్యనారాయణ గారి 'వేయిపడగలు' కావాలని అడిగారు. కౌంటరులోని ఉద్యోగిని రోమన్ లిపిలో పేరు కొట్టి చూశారు. తెరపై ఏమీ రాలేదు. "లేదు సార్" అన్నారు. "పోనీలెమ్మా" అని ఆయన వెనుదిరిగారు. నాకు అనుమానం వచ్చి తెలుగు బీరువా దగ్గరకు వెళ్లి చూస్తే పుస్తకం అక్కడే ఉంది! బయటికి పరుగెత్తేసరికి ఆయన బస్సెక్కి వెళ్లిపోయారు.

కారణం చిన్నది. పుస్తకాన్ని జాబితాలోకి ఎక్కించినవారు పేరును రెండు మాటలుగా విడదీసి, 'య'కు ఒత్తు ఉన్నట్లు రాశారు. వెతికినవారు కలిపి, ఒత్తు లేకుండా కొట్టారు. రోమన్ లిపిలో మన పేర్లకు ఒక నిలకడ లేదు. కల, కళ, కాల అన్న మూడూ అక్కడ ఒకే రూపంలో కనిపించవచ్చు. పాటకూ పాతకూ తేడా తెలియదు. మనిషి ఊహించుకుంటాడు, యంత్రం ఊహించదు. పాఠకుని కాలం వృథా కాకూడదన్నది రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన ఐదు గ్రంథాలయ సూత్రాలలో ఒకటి. ఆయన చివరి సంవత్సరాలు గడిపిన నగరంలోనే ఆ పెద్దాయన కాలం అలా వృథా అయింది.

ఈ శిక్షణకు ఆదర్శంగా తీసుకున్నది అమెరికాలోని షార్లెట్ నగర ప్రజా గ్రంథాలయంలో 2006లో జరిగిన ప్రయోగాన్ని. అక్కడ సాంకేతిక విభాగం బాధ్యతలు చూసిన హెలీన్ బ్లోవర్స్ సిబ్బంది ముందు 23 చిన్న పనులు పెట్టారు. ఉపన్యాసాలు లేవు. ఎవరికి వారు ఒక బ్లాగు తెరిచి, ఒక్కొక్క పనీ చేసి చూసి, ఏమనిపించిందో అందులో రాయాలి. ఆడుకుంటూ నేర్చుకోవాలన్నదే అక్కడి పద్ధతి. అన్నీ పూర్తిచేసినవారికి పాటలు వినే ఎంపీత్రీ పరికరం బహుమతి. ఆ పాఠక్రమాన్ని ఎవరైనా వాడుకోవచ్చునని అనుమతి ఇవ్వడంతో అనేక దేశాల గ్రంథాలయాలు దానిని తమ అవసరానికి తగినట్లు మార్చుకున్నాయి.

మనం దానిని తెచ్చుకున్నాం గాని, తొలి మూడు వారాలు దాని ప్రాణాన్ని గుమ్మం బయటే వదిలేశాం. తెర మీద చిత్రాలు, వరుసగా కుర్చీలు, హాజరు పట్టీ. కౌంటరు చూసుకోవలసినవారు మధ్యమధ్య లేచి వెళ్లేవారు. "మేఘం అంటే ఏమిటి?" అన్న పాఠం విని ఒకరు కిటికీలోంచి ఆకాశం చూశారు. నవ్వులాటకే లెండి. ఆమెను నేను తప్పుపట్టను.

నాలుగో వారంలో నా వంతు వచ్చింది. భారత ప్రభుత్వం ప్రామాణికంగా స్వీకరించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు తెరిచాను. తెలుగు చదవడం రాని కన్నడిగులే ఎదురుగా ఎక్కువమంది. ఏం చెప్పాలో తోచక, "ఎడమచేతికి అచ్చులు, కుడిచేతికి హల్లులు" అని మొదలుపెట్టాను. పదవీ విరమణకు దగ్గరపడిన ఒక ఉద్యోగిని (పెద్దాయనకు లేదని చెప్పినది ఆమే) కన్నడలో 'క' కొట్టి, భాషను తెలుగుకు మార్చి, అదే మీట నొక్కారు. తెలుగు 'క' వచ్చింది. మళ్లీ ఇంకొకటి. మళ్లీ గుణింతం. ఒత్తులు కూడా అదే వరుసలో వచ్చాయి. "అరే, ఇది మా కీబోర్డే కదా!" అన్నారు. అవును. భారతీయ భాషలన్నింటికీ ఒకే వర్ణక్రమం అన్న ఆలోచనపైనే ఆ అమరిక నిలిచింది. నేను పదేళ్లుగా వాడుతూ కూడా దానిని కన్నడిగుల వైపునుంచి ఎన్నడూ చూడలేదు. ఆ పూట గురువు ఆమే.

కన్నడ, తెలుగు లిపులు అక్కచెల్లెళ్లు. తలకట్టు తేడాలు గుర్తుపట్టగానే ఆమె అట్టలమీది పేర్లు కూడబలుక్కుని చదవసాగారు. మిగిలిన వారాలు ఉపన్యాసాలు ఆగిపోయి, తెలుగు పుస్తకాల పేర్లను జాబితాలో తెలుగు లిపిలో చేర్చడమే పాఠమైంది. ఎవరూ హాజరు అడగలేదు.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచీ చోటుంది. అయినా ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను చేసిన అనువాదాలన్నీ అచ్చుపనికి వాడే పాత ఫాంట్లలోనే కొట్టాను. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే నేడవి పిచ్చిగీతలు. వాటిలో ఒక్క మాటనూ వెతకలేం. పౌరుల కోసం రాసినవాటిని పౌరులకు దొరకకుండా దాచినవాణ్ణి నేనే.

మరొక లోటు. శాఖా గ్రంథాలయాల్లో ఒప్పందంపై పనిచేసే సహాయకులను ఈ శిక్షణకు పిలవలేదు. నిజానికి అట్టలు తుడిచేదీ, బీరువాలో ఏ పుస్తకం ఎక్కడుందో తెలిసినదీ, పాఠకునికి మొదట ఎదురుపడేదీ వారే. వారు లేకుండా రెండో విడత జరపవద్దని అధికారులను కోరుతున్నాను.

తెలుగువారికి ఒక మాట. 1965 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఈ రాష్ట్రంలో ఆస్తిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. అద్దె ఇళ్లలో ఉన్నవారు కూడా దానిని అద్దెలో కలిపి కడుతున్నట్లే. కాబట్టి పుస్తకం అడగడానికి మొహమాటం వద్దు. "లేదు" అంటే ఒకసారి బీరువా చూపించమని అడగండి.

ఇంకా మూడు బీరువాలు మిగిలాయి. కొన్ని పుస్తకాల అట్టలు చిరిగిపోయాయి, కొన్నింటికి పేరుపుటలే లేవు. లోపలి పుటలు చదివి ఏ పుస్తకమో చెప్పగలవారు కావాలి. శనివారం మధ్యాహ్నాలు మేము అక్కడే ఉంటాం. మీరు చదివి వినిపిస్తే చాలు, టైపు చేసే పని వారు చూసుకుంటారు.